నో డిస్క్: మన ఇంటి డీవీడీ ప్లేయర్ ఎందుకు మొరాయించేది?



ఇదిగో, నా చేతిలో ఉన్న ఈ పెట్టె చూస్తున్నారు కదా. ఒక మూల సొట్టపోయింది. ముందు వైపు వెండి రంగు లేచిపోయింది. మీలో చాలామంది దీన్ని మీ ఇంట్లో అటక మీదో, మంచం కిందో చూసే ఉంటారు. ఇది డీవీడీ ప్లేయర్. ఈ ఎపిసోడ్ దీని చరిత్ర.

"అన్నా, పాత డబ్బా గురించి ఎపిసోడా?" అని అప్పుడే స్క్రోల్ చేయకండి. పోయిన నెల మా ఇంట్లో జరిగిన ఒక సంగతి వల్ల ఈ ఎపిసోడ్ చేస్తున్నా.

మా మేనకోడలు ఇంటర్ చదువుతోంది. "మామా, అమ్మ పెళ్లి వీడియో ఉందటగా, ఒకసారి చూద్దాం" అంది. మా అక్క పెళ్లి 2007లో అయింది. రెండు డీవీడీలు. బీరువాలో బట్టల కింద నుంచి తీశాం. అటక మీది నుంచి ఈ ప్లేయర్ దించాం. దుమ్ము తుడిచి, టీవీకి పసుపు, ఎరుపు, తెలుపు వైర్లు పెట్టి, మొదటి డిస్క్ వేశాం. ఆడింది! ఇంటిల్లిపాదీ చప్పట్లు. రెండో డిస్క్ వేశాం. తలంబ్రాలు అయ్యాయి, భోజనాలు అయ్యాయి, అప్పగింతలు మొదలయ్యే సమయానికి బొమ్మ గడ్డకట్టింది. చదరాలు చదరాలుగా విరిగింది. తీసి, తుడిచి, మళ్లీ వేస్తే తెర మీద రెండే మాటలు: "నో డిస్క్."

ఆ అప్పగింతల్లో మా బాపమ్మ ఉంది. బాపమ్మ నడుస్తూ, మాట్లాడుతూ కనిపించేది మాకున్న ఆ ఒక్క వీడియోలోనే. అదేమయిందో చివర్లో చెప్తా. అసలు ఈ "నో డిస్క్" ఎందుకొస్తుందో తెలిస్తేనే ఆ కథ అర్థమవుతుంది.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం.

డీవీడీకి ముందు మన ఇళ్లల్లో ఉన్నది వీసీడీ. 1993లో వచ్చింది. మామూలు సీడీ మీదే సినిమా ఎక్కించడం అన్నమాట. ఒక డిస్కులో గంటా పావు బొమ్మే పడుతుంది. మన తెలుగు సినిమా రెండున్నర గంటలు, ఒక్కోసారి మూడు గంటలు. అందుకే సినిమా అంటే రెండు డిస్కులు, కొన్నిటికి మూడు. సరిగ్గా ఇంటర్వెల్ దగ్గర డిస్క్ మారిస్తే అదృష్టం. చాలాసార్లు పాట మధ్యలోనే అయిపోయేది. బొమ్మ కూడా అంతంత మాత్రం: అడ్డంగా 352, నిలువుగా 288 చుక్కలు.

డీవీడీలో అది 720, 576. అంటే నాలుగింతలు. ఒకే పొరలో 4.7 జీబీ. సినిమా మొత్తం ఒక్క డిస్కులోనే.

ఈ డీవీడీ ఊరికే పుట్టలేదు. 1990ల మొదట్లో రెండు గుంపులు వేర్వేరు డిస్కులు తయారు చేసుకుంటున్నాయి. సోనీ, ఫిలిప్స్ ఒక వైపు. తోషిబా, టైమ్ వార్నర్ వాళ్లు ఇంకో వైపు. అంతకుముందు వీడియో క్యాసెట్లలో వీహెచ్ఎస్, బీటామ్యాక్స్ కొట్టుకున్న కొట్లాట అందరికీ గుర్తుంది. ఓడిపోయిన బీటామ్యాక్స్ కొన్నవాళ్లు నష్టపోయారు. మళ్లీ అదే జరుగుతుందని ఐబీఎం లాంటి కంప్యూటర్ కంపెనీలు గట్టిగా పట్టుబట్టాయి. "మీరిద్దరూ ఒక్కటైతేనే మేం వాడతాం" అని. 1995లో రాజీ కుదిరింది. 1996 నవంబర్‌లో జపాన్‌లో తోషిబా మొదటి ప్లేయర్ అమ్మకానికి పెట్టింది. 1997లో అమెరికాకు వచ్చింది.

మా ఇంటికి రావడానికి మాత్రం 2004 పట్టింది. అది కూడా దుబాయి మీదుగా.

మాది జగిత్యాల దగ్గర పల్లె. అప్పటికి కరీంనగర్ జిల్లా. మా దిక్కు గల్ఫ్‌లో ఏ దేశం పోయినా "దుబాయి పోయిండు" అనే అంటారు. మా బాపు నిజంగానే దుబాయి. రెండు మూడేళ్లకోసారి వచ్చేవాడు. వచ్చినప్పుడు అట్టపెట్టెకు తాళ్లు కట్టి, పెద్దక్షరాలతో పేరు రాసి ఉండేది. 2004లో ఆ పెట్టెలోంచి దుప్పట్లు, సబ్బులు, సెంటు సీసాలతో పాటు ఒక డీవీడీ ప్లేయర్ దిగింది. పేరున్న కంపెనీది. సన్నగా, నల్లగా, అద్దంలా మెరిసేది.

మొదటి ఇబ్బంది ప్లగ్గు. దుబాయి ప్లగ్గుకు మూడు చదరపు పుల్లలు. మన గోడకు గుండ్రటి రంధ్రాలు. జగిత్యాల పోయి అడాప్టర్ తెచ్చేదాకా ఊరంతా వచ్చి ఆ పెట్టెను ఊరికే చూసి పోయారు.

రెండో ఇబ్బంది ఇంకా విచిత్రం. బాపు అక్కడి నుంచి తెచ్చిన డిస్కు ఆడింది. తెలుగు సినిమా డిస్కు ఆడింది. పట్నంలో చదివే మా కాక కొడుకు ఒక ఇంగ్లిష్ సినిమా డిస్కు కొనుక్కొచ్చాడు. అసలుది, పైరసీ కాదు. అది వేస్తే తెర మీద రీజియన్ తప్పు అని వచ్చింది. మేం డిస్కు చెడిపోయిందనుకున్నాం. షాపువాడితో కొట్లాట కూడా అయింది.

నిజానికి ప్లేయరూ బాగుంది, డిస్కూ బాగుంది. హాలీవుడ్ వాళ్లు ప్రపంచాన్ని ముక్కలు చేశారు. గల్ఫ్, యూరప్, జపాన్ రీజియన్ 2. మన ఇండియా రీజియన్ 5. ఒక దేశంలో సినిమా ఇంకా థియేటర్లో ఉండగానే వేరే దేశం నుంచి డిస్కు రాకూడదని ఈ ఏర్పాటు. మన సినిమాల డిస్కులు చాలా వాటికి ఈ తాళం వేయలేదు. ఎందుకంటే మన డిస్కులు కొనేవాళ్లు దుబాయిలో, అమెరికాలో కూడా ఉన్నారు కదా. అలా బాపు చెమటోడ్చి కొన్న యంత్రం, సొంత ఊళ్లో చట్టబద్ధంగా కొన్న డిస్కును "నాది కాదు" అంది. యంత్రం చెడిపోకపోయినా మనకు పని చేయకపోవడం అంటే ఇదే.

ఇప్పుడు అసలు విషయం. అద్దె డిస్కులు.

ఆ రోజుల్లో సీడీ షాపులో రోజుకు పది రూపాయలు. ఆ డిస్కు మా ఇంటికి రాకముందు యాభై ఇళ్లు తిరిగి వచ్చేది. వెనక వైపు చూస్తే చందమామ మీద మచ్చల్లా గీతలు, వేలిముద్రలు, ఒక్కోసారి పప్పు మరక. బాపు తెచ్చిన మంచి ప్లేయర్ ఆ డిస్కులతో మొరాయించేది. కాసేపు గిర్రున తిరిగి, ఆగి, మళ్లీ తిరిగి, చివరికి "నో డిస్క్." ఎదురింటి వాళ్లు పట్నంలో కొన్న చవక ప్లేయర్, పేరు కూడా ఎవరూ వినని కంపెనీ, అదే డిస్కును ఎగిరి దూకుతూ అయినా చివరిదాకా ఆడేసేది. మా అమ్మకు ఎంత అవమానమో! "మీ బాపు అంత పైసలు పెట్టి తెచ్చిండు, వాళ్లదేమో దర్జాగ ఆడవట్టె" అని నాతో అనేది.

ఎందుకలా? డిస్కు లోపలికి చూద్దాం.

డీవీడీ మీద సమాచారం ఒక్కటే దారి. లోపలి నుంచి మొదలై, దోమల చుట్టలాగా తిరుగుతూ బయటి అంచుకు వస్తుంది. ఒక వరుసకూ పక్క వరుసకూ మధ్య దూరం 0.74 మైక్రాన్. మీ తల వెంట్రుక ఒకటి డిస్కు మీద పడితే దాని కింద ఇలాంటి వరుసలు వంద దాకా ఉంటాయి. ఆ చుట్టను విప్పి నిటారుగా పరిస్తే దాదాపు 12 కిలోమీటర్లు. మా ఊరి నుంచి జగిత్యాల బస్టాండు దాకా అనుకోండి. ఆ దారి మీద ఎర్ర లేజర్ చుక్క తప్పిపోకుండా నడవాలి. కింద డిస్కు గిర్రున తిరుగుతుంటుంది. లెన్స్ క్షణక్షణం పైకీ కిందికీ, పక్కలకూ జరుగుతూ సర్దుకుంటుంది.

ఇంత సన్నని పని, మన ఇంటి దుమ్ములో, మన కరెంటుతో జరిగేదంటే ఆశ్చర్యమే కదా.

మరి గీత పడితే? గీత కింద ఉన్న సమాచారం కనిపించదు. అయినా బొమ్మ ఆడేది. దీని వెనక ఒక లెక్క ఉంది. 1960లో అమెరికాలో ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ అనే ఇద్దరు గణితవేత్తలు ఒక పద్ధతి రాశారు. సులువుగా చెప్తా. కిరాణా షాపులో నోటుబుక్కు అనుకోండి. రోజుకో వరుస, సరుకుకో నిలువు గడి. ప్రతి వరుసకు చివర మొత్తం, ప్రతి నిలువు గడికి కింద మొత్తం. ఒక అంకె మీద నూనె పడి చెరిగిపోయింది. భయం లేదు. మొత్తంలోంచి మిగతావి తీసేస్తే ఆ అంకె దొరుకుతుంది. డీవీడీలో ఇలాగే అడ్డంగా, నిలువుగా అదనపు లెక్కలు రాసి పెడతారు. కొన్ని మిల్లీమీటర్ల గీత పడినా, పోయిన ముక్కను ప్లేయర్ తనే లెక్కగట్టి పూరిస్తుంది.

మీరు రోజూ వాడుతున్నదే ఇది. చాయ్ బండి మీద అంటించిన క్యూఆర్ కోడ్ మీద టీ మరక పడి, మూల చిరిగినా స్కాన్ అవుతుంది కదా? దాని లోపల ఉన్నది ఇదే రీడ్-సాలమన్ లెక్క.

కానీ దేనికైనా హద్దుంటుంది. గీత అంతకు మించితే ప్లేయర్ ఏం చేయాలి? ఇక్కడే ప్లేయర్ల గుణాలు వేరవుతాయి. కొన్ని పట్టుదలగా అదే చోటును మళ్లీ మళ్లీ చదవబోయి ఆగిపోతాయి. కొన్ని "పోతే పోయింది" అని ముందుకు దూకుతాయి. మా దుబాయి ప్లేయర్ మొదటి రకం. ఎదురింటిది రెండో రకం. పేరున్నవన్నీ ఇలా, చవకవన్నీ అలా అని చెప్పను. మా వీధిలో మాత్రం అలా అయింది. గీతల డిస్కులు అద్దెకు తెచ్చుకునే ఇంటికి, పర్ఫెక్ట్‌గా చదివే యంత్రం కన్నా సర్దుకుపోయే యంత్రమే నమ్మకమైనది.

సినిమా ఎప్పుడూ క్లైమాక్స్‌లోనే ఎందుకు ఆగేదో తెలుసా? మేం శాపం అనుకునేవాళ్లం. చెప్పాను కదా, దారి లోపల మొదలై బయట ముగుస్తుంది. ఒక పొర డిస్కులో క్లైమాక్స్ ఉండేది బయటి అంచు దగ్గర. మనం డిస్కు పట్టుకునేదీ అక్కడే, వేలిముద్ర పడేదీ అక్కడే. డిస్కు కొంచెం వంగితే ఎక్కువ ఊగేది కూడా అంచే. విలన్ చావబోతుండగా చదరాలు వచ్చేది అందుకే.

ఆ చదరాలకు కూడా కారణం ఉంది. వీడియోలో ప్రతి బొమ్మనూ పూర్తిగా దాచరు. అర సెకనుకో పూర్తి బొమ్మ, మధ్యలో వాటికి "ఏం మారింది" అన్నంత వరకే. ఆ మధ్యలో ముక్క పోతే, హీరో ముఖం మీద చెట్టు ఆకులు కదులుతాయి. నెట్ సరిగా లేనప్పుడు మీ వీడియో కాల్‌లో జరిగేది ఇదే.

ఇంకో సంగతి. రెండు పొరల డిస్కులు ఉంటాయి, 8.5 జీబీవి. అవి మధ్యలో అర సెకనో సెకనో ఆగుతాయి. లేజర్ ఒక పొర నుంచి రెండో పొరకు మారే క్షణం అది. ఎంతమంది అది ప్లేయర్ లోపం అనుకుని రిపేర్‌కు పట్టుకుపోయారో!

ఇక రిపేర్ సంగతి.

మా దుబాయి ప్లేయర్ 2006 ఎండాకాలంలో పడుకుంది. వీసీడీలు ఆడేది, డీవీడీలు "నో డిస్క్." జగిత్యాలలో టీవీ రిపేర్ షాపు అన్న దగ్గరికి తీసుకుపోయా. బల్ల మీద విప్పిన ప్లేయర్లు అరడజను. ఆయన చూసి "లెన్స్ పోయింది తమ్మీ" అన్నాడు. మన దగ్గర అన్ని రోగాలకూ పేరు అదే. నిజానికి ఆ లెన్స్ కింద రెండు లేజర్లు ఉంటాయి. సీడీ, వీసీడీలకు 780 నానోమీటర్ల లేజర్, కంటికి సరిగా కనపడదు. డీవీడీకి 650, ఎర్రగా ఉంటుంది. రెండోది ముసలిదైతే వీసీడీ ఆడుతుంది, డీవీడీ ఆడదు. మేం అప్పటిదాకా "డీవీడీలే మంచివి కావు" అనుకున్నాం.

ఆయన దగ్గర ఒక చిట్కా ఉండేది. లేజర్ పక్కన అతి చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని కొంచెం తిప్పితే లేజర్‌కు కరెంటు ఎక్కువ పోతుంది. ప్లేయర్ లేచి కూర్చుంటుంది. "ఎన్ని రోజులు అన్నా?" అంటే, "నూనె అయిపోతున్న దీపం వత్తి ఎగదోసినట్టు" అన్నాడు. నిజమే. మూడు నెలలు బ్రహ్మాండంగా ఆడి, పూర్తిగా ఆరిపోయింది. కొత్త లేజర్ హెడ్ వేయిద్దామంటే ఆ మోడల్‌కు స్పేర్ దొరకలేదు. కరీంనగర్‌లో లేదు, హైదరాబాద్‌లో అడిగిస్తే లేదు.

అప్పుడు కొన్నాం, ఇదిగో ఈ వెండి రంగు చవక ప్లేయర్. రెండు వేల లోపే. "దీనికైతే హెడ్డు ఎప్పుడంటే అప్పుడు దొరుకుతది" అని ఆ అన్నే చెప్పి కొనిపించాడు.

ఇంత చవకగా ఎలా వచ్చింది? మొదట్లో డీవీడీ ప్లేయర్ తయారీకి పెద్ద ఇంజినీర్ల బృందం కావాలి. తర్వాత తైవాన్, అమెరికా చిప్ కంపెనీలు ఆ పని మొత్తం ఒక్క చిప్‌లో పెట్టేశాయి. బొమ్మ విప్పడం, లేజర్‌ను నడపడం, రిమోట్ మాట వినడం, అన్నీ. చైనాలో ఫ్యాక్టరీలు ఆ చిప్, ఒక లేజర్ హెడ్, ఒక డబ్బా కలిపి వేల రకాల పేర్లతో ప్లేయర్లు తీశాయి. డీవీడీ పేటెంట్లు ఉన్న జపాన్, యూరప్ కంపెనీలు ప్రతి ప్లేయర్‌కూ ఇంత కట్టమని పట్టుబట్టి చైనా వాళ్లతో పెద్ద తగాదా కూడా పడ్డాయి. పైకి వేరే వేరే పేర్లు, లోపల అవే రెండు మూడు రకాల విడిభాగాలు. అందుకే మా జగిత్యాల అన్న దగ్గర ఎప్పుడూ స్పేర్ ఉండేది.

అలాంటి చవక ప్లేయర్లలో ఎక్కువగా కనిపించిన చిప్పుల్లో ఒకటి మీడియాటెక్ వాళ్ల ఎంటీ1389. ఈ పేరు ఎక్కడో విన్నట్టుందా? మీ ఫోన్ సెట్టింగ్స్‌లో ప్రాసెసర్ పేరు చూడండి. చాలామందికి అక్కడ మీడియాటెక్ అనే ఉంటుంది. 1997లో తైవాన్‌లో పుట్టి, సీడీ డ్రైవులకు, డీవీడీ ప్లేయర్లకు చిప్పులు చేసి బతికిన కంపెనీయే తర్వాత చవక ఫోన్ల చిప్పులకు మళ్లింది. మన ఇంటి డీవీడీ ప్లేయర్‌ను చవక చేసిన పద్ధతే, మీ చేతిలో స్మార్ట్‌ఫోన్‌ను చవక చేసింది.

ఈ వెండి ప్లేయర్‌కు రోగాలు రాలేదా అంటే, నెలకొకటి. ట్రే బయటికి రాకపోవడం: లోపల సన్నని రబ్బరు బెల్టు సాగిపోతుంది. నేను పాల ప్యాకెట్‌కు కట్టే రబ్బరు బ్యాండు వేశాను, రెండు రోజులు పని చేసింది. ఆన్ కాకపోవడం: మన కరెంటు ఎగుడుదిగుడుకు పవర్ బోర్డు మీద కెపాసిటర్లు పొంగిపోతాయి. చూస్తే తల ఉబ్బిన చిన్న డబ్బాలు. మారిస్తే బతికేది. వెచ్చగా ఉందని బల్లి దూరడం: అది మాత్రం మీకు చెప్పను. సినిమా మధ్యలో కరెంటు పోతే అద్దె డిస్కు లోపలే ఇరుక్కునేది. కోత రాత్రంతా ఉంటే షాపులో ఇంకో పది రూపాయలు.

అయినా ఈ ప్లేయర్ ఎప్పుడూ మా ఇంటి బయట రెండు రోజులకు మించి లేదు. ప్రతిసారీ బాగై వచ్చింది. దుబాయి ప్లేయర్ రెండేళ్లు ఒక్క రోగం లేకుండా ఉండి, ఒకేసారి పోయింది. ఇందులో ఏది నమ్మకమైన యంత్రం? చిన్నప్పుడు మొదటిదే అనుకునేవాణ్ని. ఇప్పుడు అనుకోను.

2007లోనే ఇంకో మార్పు వచ్చింది. ఖాళీ డిస్కులు తయారు చేసే మోజర్ బేర్ కంపెనీ సినిమా హక్కులు కొని, వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు అమ్మడం మొదలుపెట్టింది. అప్పటిదాకా అసలు డిస్కు వందల్లో ఉండేది. పైరసీ డిస్కు ధరకే అసలుది వచ్చేసరికి మా షాపులో అద్దె బేరం పడిపోయింది. ఆ తర్వాత ప్లేయర్లకు ముందు వైపు యూఎస్‌బీ రంధ్రం వచ్చింది. జనం డిస్కు మానేసి పెన్‌డ్రైవ్ పెట్టారు. 2016లో జియో వచ్చింది. ప్లేయర్లు అటకెక్కాయి. 2018లో మోజర్ బేర్ మూతకు కోర్టు ఆదేశం వచ్చింది. 1998లో పోస్టులో డీవీడీలు పంపడంతో మొదలైన నెట్‌ఫ్లిక్స్ కూడా 2023 సెప్టెంబర్ 29న ఆఖరి డిస్కులు పంపి ఆ పని ఆపేసింది.

ఇప్పుడు మా అక్క పెళ్లి దగ్గరికి వద్దాం.

పెళ్లికి బాపు రాలేకపోయాడు. సెలవు దొరకలేదు. వీడియో అన్న రెండు నెలలు మిక్సింగ్ చేసి, గులాబీలు, గుండెకాయలు ఎగిరించి, రెండు సెట్లు ఇచ్చాడు. ఒకటి ఇంటికి. ఒకటి మా ఊరి నుంచి దుబాయి పోతున్న మనిషి చేతికి ఇచ్చి బాపుకు పంపాం. ఇంట్లో రాసిన డిస్కు కాబట్టి దానికి రీజియన్ తాళం లేదు. క్యాంపులో ఎనిమిది మంది ఉండే రూములో, అందరూ కలిసి కొనుక్కున్న ప్లేయర్ మీద బాపు కూతురి పెళ్లి చూశాడు. ఒక్కసారి కాదు. "సెలవు రోజొస్తే అదే ఏసేది" అని ఇప్పటికీ చెప్తాడు. 2008లో బాపమ్మ పోయింది. బాపు దహనానికి అందలేదు. తల్లిని ఆయన చివరిసారి చూసింది ఆ డిస్కులోనే.

మరి మా ఇంటి డిస్కు ఎందుకు చెడింది? షాపులో కొన్న సినిమా డిస్కుకూ, స్టూడియోలో రాసిన డిస్కుకూ తేడా ఉంది. సినిమా డిస్కులో గుంటలు అచ్చు వేసి ఉంటాయి, నాణెం మీద బొమ్మ లాగా. రాసే డిస్కులో ఒక రంగు పొర ఉంటుంది. లేజర్ దాన్ని కాల్చి గుర్తులు పెడుతుంది. అది గోరింటాకు లాంటిది. ఎండ, వేడి, తేమ తగిలితే ఏళ్ల మీద వెలిసిపోతుంది. మా డిస్కు చాలా ఏళ్లు కిటికీ పక్క షెల్ఫులో ఉంది. అంచు వెలిసింది. పెళ్లిలో ఆఖరి ఘట్టం అప్పగింతలు. సినిమాకు క్లైమాక్స్ ఎక్కడుంటుందో అదీ అక్కడే, అంచున.

అప్పుడు బాపు లేచి లోపలికి పోయి, పాత దుబాయి సూట్‌కేస్ తీశాడు. పాస్‌పోర్టులు, జీతం చీటీలు, వాటి మధ్య ఒక గుడ్డ సంచిలో ఆ రెండో సెట్. ఆ డిస్కు చీకట్లో ఉంది కాబట్టి అంచు బాగుంది. కానీ వందసార్లు ఆడి, మధ్యలో గీతలే గీతలు. అది కూడా మొత్తం ఆడలేదు.

ఒకటి చివర పోయింది. ఇంకొకటి మధ్యలో పోయింది. కానీ వీడియో అన్న రెండింటినీ ఒకే ఫైలు నుంచి రాశాడు. అంటే ఒక దాంట్లో ఏ ముక్క ఎక్కడుందో, రెండో దాంట్లోనూ అక్కడే ఉంటుంది. కంప్యూటర్‌కు పాత డీవీడీ డ్రైవ్ తగిలించి, డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో మొదటి డిస్కు చదివించాను. అది చదవగలిగింది చదివి, చదవలేని చోట్ల పట్టిక రాసుకుంటుంది. తర్వాత రెండో డిస్కు పెడితే, ఆ ఖాళీలు మాత్రమే దాంట్లోంచి నింపుతుంది. రాత్రి మొదలుపెడితే తెల్లారింది. నాలుగైదు చోట్ల తప్ప అంతా వచ్చింది.

చూస్తే ఇదంతా కిరాణా నోటుబుక్కు లెక్కే. డిస్కు లోపల గీతను పూరించింది అదనంగా రాసిన అంకెలు. మా ప్లేయర్‌ను బతికించింది అన్న దగ్గర అదనంగా ఉన్న స్పేర్ హెడ్డు. బాపమ్మను తిరిగి ఇచ్చింది అదనంగా ఉన్న ఆ ఒక్క కాపీ. ఏ యంత్రమైనా పోతుంది. పోయినప్పుడు పక్కన ఇంకోటి ఉందా లేదా అన్నదే లెక్క.

అందుకే ఈ ఎపిసోడ్ చూసిన వాళ్లు ఈ ఆదివారం ఒక పని చేయండి. మీ ఇంట్లో పెళ్లి డీవీడీలు, పుట్టినరోజు డీవీడీలు బయటికి తీయండి. మెత్తని గుడ్డతో, నడుమ నుంచి అంచుకు నిటారుగా తుడవండి. గుండ్రంగా తుడవద్దు. గీత దారి వెంబడే పడితే వరుసగా చాలా పోతుంది, అడ్డంగా పడితే ప్లేయర్ పూరించుకుంటుంది. టూత్‌పేస్టు ప్రయోగాలు చేయకండి. డీవీడీ డ్రైవ్ ఉన్న వాళ్లెవరైనా దొరికితే కాపీ తీయించండి. ఒకటి మీ దగ్గర, ఒకటి వేరే ఇంట్లో పెట్టండి. ఫోన్లో ఉంది కదా అనుకోవద్దు. ఫోన్ కూడా ఒక్క కాపీయే.

తెల్లారి అందరం కూర్చుని అప్పగింతలు చూశాం. అక్క ఏడుస్తోంది. బాపమ్మ అక్క గదవ పట్టుకుని ఏదో అంటోంది. డోలు చప్పుడులో ఇన్నేళ్లూ మాకెవరికీ సరిగా వినపడలేదు. ఈసారి మా మేనకోడలు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విని చెప్పింది. "ఏడువకు బిడ్డా, మీ బాపు చూస్తడు."

బాపు ఏమీ అనలేదు. "ఇంకోసారి ఏయి" అన్నాడు.

మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. నమస్తే.